బల్ల కరిగిందన్న శుభవార్త

నా వృత్తిలో నేను పూర్తిగా అర్థం చేసుకున్న జబ్బు జలుబు ఒక్కటే. నేను అర్థం చేసుకున్నా చేసుకోకపోయినా అది తగ్గిపోతుంది కాబట్టి, ఆ పరిజ్ఞానం ఎవరికీ పెద్దగా పనికిరాలేదు. మిగతావాటిలో కొన్నిటిని సగం అర్థం చేసుకున్నాను. ఆ సగంతోనే మనుషుల మీద చెయ్యి వేశాను. అప్పట్లో అందరం అంతే.

ఈమధ్య మా వీధి అమ్మాయి ఒకతె వైద్య కళాశాలలో చేరింది. "తాతగారూ, మీ రోజుల్లో పోర్టల్ హైపర్‌టెన్షన్‌కు ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది. పరీక్షల్లో ఇస్తారట. "చూస్తూ ఉండేవాళ్ళం" అన్నాను. హాస్యమనుకుని నవ్వింది. కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందన్న వివరాలు ఇందులో ఉండవు. నా హోదా పెరగడం వల్ల ఒక్క రోగి అయినా కోలుకున్నట్టు నాకు జ్ఞాపకం లేదు.

సందులు

ముందు జబ్బు సంగతి. మనం తిన్నదాని సారం పేగుల నుంచి రక్తంలో దిగి, ఒక లావాటి సిర గుండా కాలేయానికి వెళుతుంది. ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం నుంచి వచ్చే రక్తమూ అందులోనే కలుస్తుంది. దాని పేరు ద్వారసిర, ఇంగ్లీషులో పోర్టల్ వెయిన్. బెంగళూరు పేటలో నడిచినవాళ్ళకు దీన్ని బొమ్మ గీసి చెప్పనక్కరలేదు. మార్కెట్టుకు పోయే బండ్లన్నీ ఒకే వీధిన పోవాలి. ఆ వీధి చివర ఏదో అడ్డం పడిందనుకోండి. బండివాడు ఇంటికి తిరిగిపోడు, పక్క సందులో దూరతాడు. వాడి వెనకవాడూ దూరతాడు. ఆ సందులు బండ్ల కోసం వేసినవి కావు. అరుగులు విరుగుతాయి, గోడలు రాసుకుంటాయి, ఏదో ఒకనాడు ఎవరి ఇంటి గోడో కూలుతుంది.

ఒంట్లో ఆ సందులు అన్ననాళం అడుగున ఉంటాయి. పల్చటి సిరలు. వాటి తాహతుకు మించిన రక్తం వచ్చి పడితే ఉబ్బి, మెలికలు తిరిగి, ఒకరోజు పగులుతాయి. నొప్పి ఉండదు. నోటి వెంట రక్తం మాత్రం కుండతో ఒంపినట్టు పడుతుంది. వెనక్కి తన్నిన రక్తంతో ప్లీహం పెరుగుతుంది. కాలేయం కూడా చెడి ఉంటే పొట్టలో నీళ్ళు చేరతాయి.

ఇప్పుడు ఇంత సులువుగా చెబుతున్నాను. ఆ రోజుల్లో మాకు బండ్లు కనపడలేదు. కూలిన గోడను చూసి, గోడ కట్టినవాడిని తిట్టాం.

దానికి తోడు మలేరియా, అదీ ప్లీహాన్ని పెంచుతుంది. మా చుట్టుపక్కల ఊళ్ళలో ప్లీహం పెరగనివాడిని వెతికి పట్టుకోవడమే కష్టం. ఎడమవైపు పొట్ట గట్టిగా తగిలితే చాలు, క్వినైను రాసేవాళ్ళం. రెండో ప్రపంచయుద్ధంలో క్వినైను కరువైంది. అప్పుడు క్వినైను అని రాసి, లేదని చెప్పి పంపేవాళ్ళం. ఫలితాల్లో పెద్దగా తేడా కనిపించలేదు.

పెరిగిన ప్లీహానికి మా జనం పెట్టుకున్న పేరు బల్ల. కడుపులో చెక్కపలకలా తగులుతుంది కనుక బల్ల. బల్ల వచ్చినవాడికి బల్ల కరగాలి. వాళ్ళ వైద్యశాస్త్రం మొత్తం ఆ ఒక్క క్రియాపదంలో ఇమిడి ఉంది. మేము దాన్ని చూసి నవ్వేవాళ్ళం. మా శాస్త్రం కూడా అంతకన్నా పెద్దదేమీ కాదని తర్వాత తెలిసింది.

"తాగుతావా?"

మా ఆసుపత్రిలో మెడికల్ వార్డుకు పెద్ద నరసింగరావు గారు. చదువున్నవారు, నిజాయితీపరులు, ఒక్కసారి అనుకున్నది మార్చుకోనివారు. ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే ఎంత ప్రమాదమో కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళు తెలుసుకోవాలి. పొట్టలో నీళ్ళున్న మగవాడిని చూడగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న, ఆఖరి ప్రశ్న ఒకటే.

కె.ఆర్.పురంలో చిల్లర అంగడి నడిపే శెట్టిగారు ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. నుదుట నామం, మెడలో తులసిపూసలు, వాటి కింద డోలు లాంటి పొట్ట.

"ఎన్నేళ్ళుగా తాగుతున్నావయ్యా?" అన్నారు నరసింగరావు గారు.

"కాఫీ కూడా తాగను సామీ. పిత్తం చేస్తాది" అన్నాడు శెట్టిగారు.

"అబద్ధం చెబితే నీళ్ళు తగ్గవు."

శెట్టిగారి భార్య కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. "ఆయప్ప నిజమే చెప్తా ఉండాడు సార్. తాగేదానికి ధైర్యం కావల్ల గదా, అది యాడిది ఈయనకు?"

భర్తను ఇంతకన్నా గట్టిగా వెనకేసుకొచ్చిన భార్యను నేను చూడలేదు. నరసింగరావు గారు నమ్మలేదు. ఆడవాళ్ళకు తెలియకుండా తాగుతారని, కాలేయం గట్టిపడటానికి వేరే దారి లేదని ఆయన సిద్ధాంతం. శెట్టిగారు మళ్ళీ వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచి, "మీ పెద్దాయన పుణ్యమా అని ఇప్పుడు నా పెండ్లాం దినామూ నా మూతి వాసన చూస్తా ఉండాది అప్పా. పెండ్లయిన కొత్తలో గూడా ఇంత దగ్గరికి రాలేదు" అన్నాడు.

మా వైద్యం లావాటి సూదితో పొట్టలో పొడిచి బకెట్టులోకి నీళ్ళు వదలడం. నీళ్ళు తీసిన రోజు శెట్టిగారు పెండ్లికొడుకులా నడిచి వెళ్ళేవాడు. మళ్ళీ నిండేవి. మళ్ళీ వచ్చేవాడు. ఆ నీళ్ళలో మనిషి సత్తువ కూడా పోతుందని తెలిసినా, ఊపిరాడక గస పెడుతుంటే తియ్యక ఏం చేస్తాం? చివరకు పొట్ట తప్ప శెట్టిగారు మిగలలేదు. ఒక్క చుక్క ముట్టకుండా తాగుబోతు అన్న పేరుతో పోయాడు. తాగనివాళ్ళ కాలేయాలు కూడా చెడతాయని, చిన్నప్పటి తిండిలేమి, పచ్చకామెర్లు ఆ పని చేయగలవని మాకు నెమ్మదిగా తెలిసింది. ఆయనకు క్షమాపణ చెప్పాల్సిన సమయానికి చెప్పించుకోవడానికి ఆయన లేడు.

తాగుతావా అని అడగవద్దని నేను అనను. ఆఖరున అడగండి.

చౌడప్ప

చౌడప్ప పేటలో పట్టుచీరలు నేసేవాడు. ఇరవై దాటి ఎక్కువ కాలం కాలేదు. తండ్రి పోయాడు. తల్లి లక్ష్మమ్మ, ఒక గుంట మగ్గం, అంతే ఇల్లు. మగ్గం ఆడితే పొయ్యి వెలిగేది. మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు రక్తం మాటే లేదు. నేసిన బట్ట చుట్టుకునే కర్ర పొట్టకు తగిలి కూర్చోలేకపోతున్నానని వచ్చాడు.

"బల్ల ఉండాది సార్" అన్నాడు చొక్కా ఎత్తి. "ఇంట్లో బల్ల కొనే యోగ్యత లేదు గదా, దేవుడు జాలిపడి కడుపులోనే చేయించినాడు."

ప్లీహం బొడ్డు దాకా దిగి ఉంది. దాని మీద చర్మం నిండా వరసగా కాలిన మచ్చలు. సర్జాపుర దగ్గర వాతలు వేసే ముసలాయన ఉన్నాడని, బల్ల కరగడానికి ఆయన చెయ్యి మంచిదని లక్ష్మమ్మ చెప్పింది.

"అట్ల కాల్చేస్తారామ్మా పిల్లోడిని?" అన్నాను.

"మీరు మందిస్తే నేనేల పోతాను? పోయినసారి ఇంకో డాక్టరు దగ్గరికి వస్తే మందు లేదు, యుద్ధం అన్నారు. వాతకు యుద్ధం లేదు గదప్పా."

ఆ వారం స్టాకు వచ్చి ఉంది కాబట్టి క్వినైను ఇచ్చి పంపాను. ఆమె వేయించింది వాత, నేను వేసింది మాత్ర. రెండింటి గురీ ఒకే చోటికి, రెండూ ఒకే రకంగా తప్పాయి.

కొన్నాళ్ళకు చౌడప్ప మగ్గం మీద ఉండగానే రక్తం కక్కాడు. ఇక్కడే మా జనం మాత్రమే చేయగల పొరపాటు ఒకటి జరిగింది. రక్తం కక్కిన కొడుకును ఒళ్ళో పడుకోబెట్టుకుని లక్ష్మమ్మ పొట్ట తడిమి చూసింది. బల్ల లేదు. నిన్నటిదాకా బొడ్డును తాకుతున్న బల్ల పక్కటెముకల కిందికి మాయమైంది. ఆమెకు అంతా అర్థమైపోయింది. బల్ల కరిగింది. కరిగి, రక్తమై, నోట్లోంచి పడిపోయింది. వాతలు పనిచేశాయి. వీధిలో వాళ్ళందరూ వచ్చి తడిమి, అవునన్నారు. చౌడేశ్వరి గుడికి తీసుకుపోయి కొబ్బరికాయ కొట్టించారు. కొడుతూ కొడుతూ చౌడప్ప స్పృహ తప్పాడు. అది కూడా నీరసమే అనుకుని, బలానికి సూది మందేమైనా వేస్తారేమోనని ఆసుపత్రికి తెచ్చారు.

చావుబతుకుల్లో ఉన్న కొడుకును అంత సంతోషంగా వార్డులోకి తీసుకువచ్చిన తల్లిని మళ్ళీ చూడలేదు.

"కరిగిపోయినాది డాక్టరప్పా! కుండెడు పడినాది! చెయ్యి పెట్టి చూడు, యాడ ఉండాది బల్ల?" అంటూ నా చేతిలో కొబ్బరిముక్క పెట్టింది.

చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే లేదు. నరసింగరావు గారు కూడా చూశారు. "ప్లీహం లేదు. నువ్వు మొదట ఏదో ఊహించుకుని ఉంటావు. ఇది కడుపులో పుండు. పాలు, సోడా పట్టించండి" అన్నారు. లక్ష్మమ్మ అభిప్రాయమూ మా వార్డు అభిప్రాయమూ ఏకమైన సందర్భం అదొక్కటే. ఇద్దరూ ఒకే పొట్ట తడిమారు, బల్ల లేదన్నారు, ఎవరికి తోచిన కథ వాళ్ళు చెప్పుకున్నారు. ఆమె కథ పేరు మహిమ. మా కథ పేరు పుండు. కొబ్బరిముక్కలు అందరం తిన్నాం.

జరిగింది ఏమిటంటే, ప్లీహం స్పంజి లాంటిది. వెనక నుంచి తోసే రక్తంతో ఉబ్బి ఉంటుంది. మనిషి కుండెడు రక్తం కక్కాక ఉబ్బడానికి రక్తమెక్కడిది? ముడుచుకుంటుంది. ఒంట్లో రక్తం మళ్ళీ ఊరేకొద్దీ తిరిగి పెరుగుతుంది. కాబట్టి రక్తం కక్కినవాడి పొట్ట మొదటిరోజు తడిమి ప్లీహం లేదని రాయకండి. కొన్నాళ్ళాగి మళ్ళీ తడమండి. నా వృత్తి మొత్తంలో నేను మీకు ఇవ్వగల పనికొచ్చే ముక్క బహుశా ఇదొక్కటే.

నేను తడిమింది జ్ఞానం కొద్దీ కాదు. నేను ఊహించుకున్నానని పెద్దాయన అన్న మాట గుచ్చుకుని, రోజూ పొద్దున వార్డులోకి పోగానే చౌడప్ప పొట్ట మీద చెయ్యి వేసేవాడిని. ఒకరోజు పక్కటెముక అంచున వేలికి తగిలింది. తర్వాత ఇంకొంచెం కిందికి. లక్ష్మమ్మ నా ముఖమే చూస్తూ ఉండేది.

"ఏమప్పా?"

"బల్ల మళ్ళా వస్తా ఉండాదమ్మా."

ఆమె లేచి నా చెయ్యి పట్టుకుని లాగేసింది. "రాకుండా యాడికి పోతాది? కరిగిపోయిన దాన్ని దినామూ పిసికి పిసికి నువ్వే తెప్పించినావు! సుమ్నే ఊరకుండలేవా నువ్వు?"

"పోనీమ్మా" అన్నాడు చౌడప్ప పాలగ్లాసు పట్టుకుని. "డాక్టరప్పకు అలవాటైపోయింది. బల్ల లేకపోతే యాడ చెయ్యి పెట్టుకుంటాడు?"

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. ఆనాటి నుంచి నేను వచ్చే వేళకు కొడుకు పొట్ట మీద దుప్పటి కప్పి పెట్టేది.

ఎక్స్‌రే అడిగాను. ఫిల్ములు సైన్యానికి పోతున్నాయని, పుండుకు ఎందుకని అన్నారు. అడుగుతూనే ఉన్నాను. చివరకు విసిగిపోయి ఒప్పుకున్నారు. సున్నం కలిపిన నీళ్ళలాంటి బేరియం తాగించి తీస్తే అన్ననాళం అడుగు భాగం చెదలు తిన్న కర్రలా కనిపించింది. ఉబ్బిన సిరలు. నరసింగరావు గారు ఫిల్మును వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, "ఓ" అన్నారు. ఆయనను నేను ఇంతసేపూ వేళాకోళం చేశాను కాని, ఆ "ఓ" అనగలిగిన పెద్దలను నా సర్వీసులో చాలా తక్కువమందిని చూశాను.

బల్ల మీద

అప్పటి పుస్తకాల్లో ఈ జబ్బుకు ఒక ఇటలీ వైద్యుడి పేరుండేది. ప్లీహమే అపరాధి, అది విషం పుట్టించి మిగతా అవయవాలను పాడుచేస్తుంది, కాబట్టి దాన్ని తీసెయ్యాలి అని సిద్ధాంతం. బల్ల కరగాలన్న లక్ష్మమ్మ సిద్ధాంతానికీ దీనికీ ఉన్న తేడా భాషలోనే.

మా సర్జన్ గారిది మంచి చెయ్యి. ఆయన కుట్టిన కుట్టు చూస్తే నేతగాళ్ళు కూడా మెచ్చుకునేవాళ్ళు. "బల్ల తీసేస్తాం" అని ఆయన రెండు మాటల్లో చెప్పేసరికి లక్ష్మమ్మ అక్కడికక్కడే ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ ఎవరూ కరిగించలేకపోయినదాన్ని ఈయన ఎత్తి బయట పడేస్తానంటున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తుంది?

"బల్ల తియ్యాలంటే బల్ల మీదనే పండుకోవల్లనా సార్?" అన్నాడు చౌడప్ప థియేటర్లో. మత్తుకు ఈథరు పట్టించేవాడు నవ్వి, ముక్కు మీద గుడ్డ వేశాడు.

నేను చూడటానికి వెళ్ళాను. పొట్ట తెరవగానే వేలెడు లావు సిరలు, వానపాముల్లా. ఎక్కడ ముట్టుకుంటే అక్కడ రక్తం. లోపల ఒత్తిడి ఎంతుందో మా కళ్ళముందే చిమ్ముతోంది. ఆ చిమ్మేదాన్ని అందరం గుడ్డలతో అద్దుతున్నాం గాని, ఎందుకు చిమ్ముతోందని ఒక్కరమూ అడగలేదు. పని బాగా కష్టమైంది. పేట నుంచి వచ్చిన ఇద్దరు నేతగాళ్ళు రక్తం ఇచ్చారు. సర్జన్ గారు ప్లీహం సిరను కట్టి, కోసి, ప్లీహాన్ని ట్రేలో పెట్టారు. కాలేయం నున్నగా, ఆరోగ్యంగా ఉంది. అది కూడా అందరం చూశాం. మరి అడ్డం ఎక్కడ పడిందని ఎవరికీ తోచలేదు.

లక్ష్మమ్మ చూస్తానంది. ట్రే తెచ్చి చూపించారు. ఆమె వంగి చూసి, "నీ దినం చెయ్య! నా బిడ్డను ఇంతకాలం పీక్కోని తింటివి గదే!" అని దాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. నర్సులు మెల్లగా పక్కకు తీసుకుపోయారు. ఆ ప్లీహం చేసిన పాపం ఏమీ లేదు. వీధి మూసుకుపోతే వెనక నిలబడిపోయిన బండ్లను అది తన వాకిట్లో నిలుపుకుంది. అంతే.

చౌడప్ప కోలుకున్నాడు. ముఖంలో రంగు వచ్చింది. మగ్గం దగ్గర కర్రకు ఆనుకుని కూర్చోగలిగాడు. లక్ష్మమ్మ పెండ్లి సంబంధాలు చూడటం మొదలుపెట్టింది. పిల్ల తరపువాళ్ళకు ఆపరేషను గాటు చూపించి, "బల్ల ఉండిన్యా, తీసేసినారు, ఇప్పుడు ఏమీ లేదు" అని తానే చెప్పుకునేదట. సర్జన్ గారు విద్యార్థుల ముందు ఈ కేసు చెప్పేవారు. నేనూ చెప్పాను.

"ఇప్పుడేం కరగతా ఉండాది?"

యుద్ధం అయ్యాక ఓడలు సరిగా నడిచి, విదేశీ వైద్యపత్రికలు మళ్ళీ రావడం మొదలైంది. వాటిలో కొత్త మాట ఒకటి. జబ్బు ప్లీహానిది కాదు, ద్వారసిరలో ఒత్తిడిది. అమెరికాలో ఆ ఒత్తిడిని కొలుస్తున్నారు. ప్లీహం సిరను మూత్రపిండం సిరకు కలిపి కుట్టి, ఆగిపోయిన రక్తానికి వేరే దారి వేస్తున్నారు. చదివినప్పుడు నాకు చౌడప్ప గుర్తుకు రాలేదు. చౌడప్ప బాగైపోయాడు కదా.

అతనే వచ్చాడు, ఒక మధ్యాహ్నం, జట్కాలో. ఒళ్ళో గుడ్డ కప్పిన సత్తుగిన్నె. పక్కన లక్ష్మమ్మ. ఈసారి ఆమె ముఖంలో సంతోషం లేదు. భయం కూడా పూర్తిగా రాలేదు. లెక్క కుదరని మనిషి ముఖం అది. గిన్నె మీద గుడ్డ తీసి లోపలి రక్తం చూపించి చౌడప్ప అడిగాడు.

"బల్ల తీసేసినారు గదా సార్. ఇప్పుడేం కరగతా ఉండాది?"

అతను హాస్యానికి అడగలేదు. మంచం మీద పడుకోబెట్టి, రక్తం కోసం మనిషిని పంపి, పత్రిక పట్టుకుని సర్జన్ గారి గదికి పరుగెత్తాను.

ఆయన పత్రికను ముట్టుకోలేదు. "చదివాను" అన్నారు.

"ఇక్కడ చెయ్యలేమా సార్? ప్రయత్నించి చూద్దాం."

"ఏ సిరను కలుపుదామంటావు?"

"ప్లీహం సిరను..." అని ఆగిపోయాను.

"అదెక్కడుంది?" అన్నారాయన. "కట్టి కోసేశాను. నువ్వు చూస్తూనే ఉన్నావు."

"ద్వారసిర?"

"అది గడ్డకట్టి మూసుకుపోయి ఉంటుంది. కాలేయం నున్నగా ఉండె, గుర్తుందా? ఆ పిల్లవాడి జబ్బే అది. కలపడానికి అతనిలో మిగిలి ఉన్న మంచి సిర ఒక్కటే. దాన్ని మనం వైద్యం పేరుతో తీసేశాం." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

ఆయన చెడ్డ సర్జన్ కాదు. చెడ్డ సర్జన్ అయి ఉంటే ఈ కథ చెప్పడం నాకు ఎంతో సులువయ్యేది. ఆనాటి పుస్తకం ఏం చెయ్యమందో అది తప్పు లేకుండా చేశారు. తప్పు లేకుండా చేసినందువల్లే సిర పూర్తిగా పోయింది.

అన్ననాళంలో బుడగ ఊది సిరలను నొక్కిపెట్టే గొట్టం అప్పటికి ఇంకా రాలేదు. మా దగ్గర ఉన్నవి మార్ఫియా, మంచుముక్కలు, దొరికినంత రక్తం. పై నుంచి సీసాతో ఎక్కించాం, కింద గిన్నెలో పట్టాం. రెండు రోజుల పాటు సీసా, గిన్నె పోటీపడ్డాయి. చౌడప్ప మూడోనాడు పొద్దున పోయాడు.

లక్ష్మమ్మ వెంటనే ఏడవలేదు. మంచం కోడు పట్టుకుని నిలబడి, "మొదటిసారి రక్తం పడినప్పుడు నేను కొబ్బరికాయ కొట్టించినాను గదప్పా" అంది. "వీధంతా పంచినాను."

"నాకూ పెట్టినావమ్మా" అన్నాను.

"అసలు యాల వచ్చిందప్పా ఇది నా బిడ్డకు? పుట్టినప్పుడు బొడ్డు చీము పట్టింది తప్ప ఇంకే జబ్బూ ఎరగడే" అంది.

బొడ్డుకు పట్టిన చీము లోపలి సిర వెంట పాకి, ద్వారసిరలో గడ్డ కట్టించవచ్చునని అప్పటికే పత్రికల్లో చదివి ఉన్నాను. ఆ బొడ్డుకు ఏం పూశారో, ఏ కత్తితో కోశారో నేను అడగలేదు. "తెలీదమ్మా" అన్నాను. వైద్యులుగా మేము చెప్పిన ఎన్నో మాటల్లో ఆమెకు నష్టం చెయ్యనిది బహుశా అదొక్కటే.

ఆ తర్వాత

ఆ తర్వాత శాస్త్రం చాలా ముందుకు పోయిందని అంటారు. నిజమే. నేను ఉద్యోగ విరమణ చేసేనాటికి ప్లీహంలోకి సూది గుచ్చి ఒత్తిడిని అంకెల్లో చెప్పే పద్ధతి మా దాకా వచ్చింది. రోగి ఎంత ఒత్తిడితో పోయాడో ఖచ్చితంగా చెప్పగలిగేవాళ్ళం. సిరలు కలిపినవాళ్ళలో కొందరు బతికారు. కొందరిలో రక్తం ఆగింది కాని, కాలేయంలో శుభ్రపడకుండా పక్కదారిన వెళ్ళిన రక్తం మెదడును మసకబార్చడంతో, కొడుకునే నువ్వెవరని అడిగేవాళ్ళు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ధైర్యం చెప్పమని నన్ను సభలకు పిలుస్తారు. నేను వెళ్ళను.

చౌడప్ప పోయిన మరుసటి ఏడు లక్ష్మమ్మ మళ్ళీ మా వార్డుకు వచ్చింది. పదేళ్ళ పిల్లను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. పిల్ల ముఖం పాలిపోయి ఉంది. వెనక పిల్ల తల్లి, ఏమీ అర్థం కాక చూస్తూ.

"మా వీధి పిల్లప్పా. బల్ల ఉండిన్యా. నిన్న రక్తం కక్కింది, బల్ల కరిగిందని ఇంట్లో పాయసం చేస్తా ఉండారు. పొయ్యి మీది గిన్నె దించేసి లాక్కోనొచ్చినా."

పిల్లను పడుకోబెట్టి పొట్ట తడిమాను. బల్ల లేదు.

"ఉండదు, నాకు తెలుసు" అంది లక్ష్మమ్మ. "మళ్ళా వస్తాది. వచ్చినాక ఏం చేస్తారు? తీసేస్తారా?"

"తియ్యమమ్మా. దాన్ని తీస్తే సిర గూడా పోతాది. సిర ఉంటే ముందుముందు ఎవరైనా కలిపి కుట్టడం నేర్చుకోని వస్తే, అప్పుడు పనికొస్తాది."

"ఇప్పుడు ఎవరికీ రాదా?"

"మా ఆసుపత్రిలో ఎవరికీ రాదు."

"అయితే ఇప్పుడేం చేస్తారు?"

"రక్తం దొరికితే ఎక్కిస్తాం. ఇంకేమీ చెయ్యం."

ఆమె తిడుతుందనుకున్నాను. గొంతు పెంచకుండా, బియ్యం ధర గురించి అన్నట్టుగా అంది:

"నా కొడుక్కన్నా ముందు ఈ పిల్ల వచ్చింటే బాగుండు. తియ్యగూడదని ఈ పిల్ల మీద నేర్చుకోని ఉందురు."

అని, ఆ పిల్ల మంచం మీద కూర్చుని, కాళ్ళు చల్లగా ఉన్నాయని తన కొంగు కప్పింది.